గెలవని జట్టుకు మిస్టర్ కబ్

1958లో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు 72 ఆటలు గెలిచి, 82 ఓడింది. మరుసటి ఏడు 74 గెలిచి, 80 ఓడింది. ఆ రెండేళ్లూ నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి మాత్రం ఆ జట్టు వాడైన ఎర్నీ బ్యాంక్స్‌నే వరించింది. ఆ లీగ్‌లో వరసగా రెండేళ్లు ఆ బహుమతి అందుకున్న మొదటివాడు ఆయనే.

కప్పులు తెచ్చినవాడే జట్టుకు ప్రతీక అవుతాడనుకుంటే బ్యాంక్స్ ఆ లెక్కకు ఎక్కడా అందడు. 19 సీజన్లు, 2,528 ఆటలు, 512 హోమ్ రన్లు. ఇంత ఆడీ లీగ్ దశ దాటి ఒక్క ఆటలోనూ అడుగుపెట్టలేదు. అయినా అభిమానులు జట్టు పేరునే ఆయనకు ముద్దుపేరుగా పెట్టుకున్నారు: మిస్టర్ కబ్.

డాలస్‌లో 1931లో పుట్టిన బ్యాంక్స్, నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల గడప తొక్కనివ్వని కాలంలో వారికోసం ఏర్పడ్డ లీగుల నుంచి వచ్చాడు. ఆయన ఆడిన కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టులోనే అంతకుముందు జాకీ రాబిన్సన్ కూడా ఆడాడు. రాబిన్సన్ 1947లో ఆ గోడ బద్దలు కొట్టాక కూడా కబ్స్ యాజమాన్యం ఆరేళ్లు తాత్సారం చేసింది. చివరికి 1953 సెప్టెంబరు 17న బ్యాంక్స్ ఆ జట్టు తరఫున మైదానంలో దిగిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. మరో నల్లజాతి ఆటగాడు జీన్ బేకర్ మూడు రోజుల తర్వాత దిగాడు.

మొదట్లో ఆయన ఆడిన చోటు షార్ట్‌స్టాప్. అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడి, నేలను రాసుకుంటూ దూసుకొచ్చే బంతులను ఒడిసిపట్టే పని. అక్కడ చురుకైన కాళ్లూ చేతులూ చాలు, బ్యాటుతో భారీ దెబ్బలు కొట్టమని ఎవరూ అడిగేవారు కాదు. సన్నగా, పొడుగ్గా ఉండే బ్యాంక్స్ మణికట్టు విసురుతోనే బంతిని గోడ దాటించేవాడు. 1955 నుంచి 1960 దాకా ఆరు సీజన్లలో ఆయన కొట్టిన 248 హోమ్ రన్లను విల్లీ మేస్, మికీ మాంటిల్, హాంక్ ఆరన్ కూడా అందుకోలేకపోయారు. నవ్వు ముఖం వల్లనే ఆయన ప్రియమైనవాడయ్యాడని తేల్చేసేవాళ్లు ఈ అంకెలు చూడాలి.

కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్ గురించి కూడా చెప్పుకోవాలి. అప్పట్లో చూయింగ్ గమ్ వ్యాపారి రిగ్లీ కుటుంబానికి చెందిన ఆ మైదానంలో 1988 ఆగస్టు దాకా ఫ్లడ్‌లైట్లు లేవు. సొంతగడ్డ మీద ఆటలన్నీ పట్టపగలే. 1948 నుంచి టీవీలో ప్రసారాలు ఉండటంతో, బడి నుంచి వచ్చిన పిల్లలు పుస్తకాల సంచి పడేసి టీవీ ముందు కూర్చునేవారు. రెండు తరాలకు బ్యాంక్స్ ఏటా వేసవిలో ఇంటికొచ్చే చుట్టం. జట్టు ఓడినా, ఎండ బాగుంది ఇవాళ రెండు ఆటలు ఆడేద్దామని సహచరులను ఉత్సాహపరిచే ఆయన మాట షికాగోలో ఊతపదమైంది.

ఆ ప్రేమకూ హద్దులున్నాయి. 1963లో నగర కౌన్సిల్‌కు పోటీ చేసి ఓడిపోయాడు. డెమొక్రాట్ల కోటలో రిపబ్లికన్ టికెట్ మీద నిలబడ్డాడు మరి! తెర మీది అభిమానం తొమ్మిది నెలల్లో అధికారంగా మారడం 1983లో చూసిన తెలుగువారికి ఇది వింతగానే తోస్తుంది.

ఒకే జట్టులో జీవితమంతా గడిపిన విధేయత అని ఆయన్ను పొగడటం మామూలే. అందులో సగమే నిజం. అప్పటి ఒప్పందాల్లోని రిజర్వ్ నిబంధన ప్రకారం ఆటగాడు జట్టు ఆస్తి. అమ్మినా, మార్చుకున్నా, అట్టేపెట్టుకున్నా యజమాని ఇష్టం. తనను వేరే జట్టుకు పంపడాన్ని 1969లో ధిక్కరించిన కర్ట్ ఫ్లడ్ సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. ఆటగాళ్లకు స్వేచ్ఛ 1975 చివర్లో మధ్యవర్తి తీర్పుతో గానీ రాలేదు. అప్పటికి బ్యాంక్స్ ఆట మానేసి నాలుగేళ్లయింది. కాబట్టి ఉండిపోవడం ఒక్కటే గొప్ప కాదు. ఉన్నన్నాళ్లూ ఎలా ఉన్నాడన్నదే ఆయన సొంతం.

1969లో గీత మారేలా కనిపించింది. సీజన్ మొదటినుంచి కబ్స్‌దే పైచేయి. 38 ఏళ్ల బ్యాంక్స్ ఆ ఏడు 106 పరుగులు రాబట్టాడు. సెప్టెంబరులో జట్టు చతికిలబడింది, న్యూయార్క్ మెట్స్ దూసుకుపోయి ఎనిమిది ఆటల తేడాతో ముందు నిలిచింది. మరుసటి మే 12న బ్యాంక్స్ 500వ హోమ్ రన్ కొట్టినప్పుడు రిగ్లీ ఫీల్డ్‌లో ఉన్నవారు ఐదు వేల పైచిలుకు మాత్రమే. ఆ రోజు అక్కడే ఉన్నామని తర్వాత చెప్పుకున్నవారు ఎంతమందో లెక్కలేదు.

ఆటగాడి నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టే ఆచారం 1939లో న్యూయార్క్ యాంకీస్ లూ గెరిగ్ 4వ నంబరుతో మొదలైంది. మన దగ్గర సచిన్ 10వ నంబరు జెర్సీ కథ అందరికీ తెలిసిందే. కబ్స్ తమ చరిత్రలో ఈ గౌరవాన్ని మొట్టమొదట ఇచ్చింది 1982లో, బ్యాంక్స్ 14వ నంబరుకు. 2008లో మైదానం బయట విగ్రహం పెడితే, పీఠం మీద చెక్కిన ఆయన ఊతపదంలో ఒక చిన్న గుర్తు జారిపోయింది. కొద్ది రోజులకు శిల్పి వచ్చి సరిచేశాడు.

బ్యాంక్స్ 2015 జనవరిలో కన్నుమూశాడు. మరుసటి ఏడు, 108 ఏళ్ల తర్వాత, కబ్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆయన తర్వాత అదే గౌరవంతో రిగ్లీ ఫీల్డ్ స్తంభాల మీద నంబరు జెండా ఎక్కిన కబ్స్ ఆటగాళ్లు బిల్లీ విలియమ్స్, రాన్ సాంటో, రైన్ శాండ్‌బర్గ్, ఫెర్గీ జెంకిన్స్, గ్రెగ్ మాడక్స్. బ్యాంక్స్‌తో కలిపి ఈ ఆరుగురిలో ఒక్కరూ కబ్స్ తరఫున వరల్డ్ సిరీస్ గెలవలేదు.