హకీం సాహెబ్, కెమిస్ట్రీ, వేప చేదు

మన ఇళ్ళలో పిల్లలకు గజ్జి లేస్తే నీమ్ పత్తా కాచిన నీళ్ళతో స్నానం చేయించేవాళ్ళు. ఎందుకని అడిగితే "బుజుర్గుల నుస్కా బేటా" అనేది మా దాదీ. ఆ నుస్కాకే సవాల్ వేసిన వాళ్ళూ మనలో ఉన్నారు. వాళ్ళ కథే ఇది.

ఢిల్లీ హకీం అజ్మల్ ఖాన్ అనగానే మనకు ఖిలాఫత్, కాంగ్రెస్, జామియా గుర్తొస్తాయి. నాకైతే ఆయన తిబ్బియా కాలేజీ మీదే మొహబ్బత్ ఎక్కువ. 1921లో గాంధీజీ ప్రారంభించిన ఆ కాలేజీలో యూనానీ, ఆయుర్వేదం ఒకే కప్పు కింద చదువుకునేవి. హకీం సాహెబ్ అంతటితో ఆగలేదు. జర్మనీలో కెమిస్ట్రీ చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీ చేతికి మన జడీబూటీలను అప్పగించాలనుకున్నారు. ఖాన్‌దానీ హకీం తన ఇల్మ్‌ను పరీక్షకు పెట్టడం చిన్న హిమ్మత్ కాదు!

1927 డిసెంబరులో హకీం సాహెబ్ ఇంతికాల్ అయ్యారు. 1931లో సిద్దీఖీ సర్పగంధి వేరు నుంచి ఒక ఆల్కలాయిడ్ తీసి, ఉస్తాద్ పేరిట 'అజ్మలిన్' అని పెట్టారు. ఈ రోజుకీ గుండె డాక్టర్లు దాన్ని వాడుతున్నారు.

తర్వాత వేప వంతు. 1942లో ఆయన వేపనూనెను రకరకాల ద్రావకాలతో కడిగి, చేదునిచ్చే పదార్థాలను విడదీశారు: నింబిన్, నింబినిన్, నింబిడిన్. అప్పటిదాకా 'చేదు' అన్న ఒక్క మాటలో ఉన్నది సీసాల్లో విడివిడిగా నిలిచింది. ఆ మీదట వేపను సూక్ష్మజీవుల మీద పరీక్షించడం మొదలైంది.

పరీక్ష తరీఖా సాదాదే. గాజు పళ్ళెంలో అగర్ జెల్లీ పోసి, దానిపై బ్యాక్టీరియా పూసి, చిన్న గుంటలో సారం వేసి ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. గుంట చుట్టూ క్రిములు పెరగని వలయం కనిపిస్తే అసర్ ఉన్నట్టు. పక్కన మామూలు యాంటీబయాటిక్‌నూ, ఉత్త ద్రావకాన్నీ పెట్టి పోల్చాలి. లేకపోతే స్పిరిట్ చేసిన పని వేప ఖాతాలో పడుతుంది.

పళ్ళెంలో క్రిమి చస్తే ఒంట్లో మర్జ్ తగ్గినట్టేనని వాట్సాప్ హకీములు అనుకుంటారు. ఎంత మోతాదు, రక్తంలోకి చేరుతుందా, కాలేయం తట్టుకుంటుందా అన్నవన్నీ ఆ పళ్ళెం చెప్పదు. సిద్దీఖీ చేదు తీసిన ఆ వేపనూనెనే పసిపిల్లలకు తాగిస్తే ఫిట్స్ వచ్చి ప్రాణాలు పోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఆ సీసా అందకుండా పెట్టండి.