చదరంగ యంత్రమునకు చదువు చెప్పినవారు

1770లో వియన్నా నగరమున, మహారాణి మరియా థెరీసా కొలువులో, కెంపెలెన్ అనునతడు ఒక విచిత్ర యంత్రమును ప్రదర్శించెను. తురుష్క వేషము ధరించిన బొమ్మ యొకటి పెద్దపెట్టె వెనుక కూర్చుండి, ఎదుటివారితో చదరంగమాడి పెక్కుమందిని ఓడించుచుండెడిది. పెట్టె తలుపులు తెరచి చూపినప్పుడు చక్రములు, కీలులు మాత్రమే కనబడెడివి. నిజమునకు ఆ పెట్టెలో ఒక ఆటగాడు దాగియుండెడివాడు. ఆ మోసము బయటపడి చాలకాలమైనది. కాని యంత్రము లోపల మనుష్యుడున్నాడేమో యను అనుమానము రెండువందల యేండ్లకు పిమ్మట, 1997లో, న్యూయార్కు నగరమున మరల తలయెత్తెను. ఈసారి దానిని వెలిబుచ్చినవాడు చదరంగ ప్రపంచవిజేత గారీ కాస్పరోవ్.

చదరంగమాడు కంప్యూటరును ఎట్లు సిద్ధము చేయవచ్చునో 1950లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ ఒక వ్యాసమున వివరించెను. ఆ పద్ధతి స్థూలముగా ఇట్టిది. యంత్రము తాను వేయదగిన ఎత్తులను, వానికి ప్రత్యర్థి వేయగల బదులు ఎత్తులను వరుసగా పరిశీలించును. అట్లు ఏర్పడు స్థితులకు వెల కట్టును. ప్రత్యర్థి తనకు మేలైన ఎత్తునే వేయునని భావించి, తుదకు తనకు ఎక్కువ లాభము మిగుల్చు ఎత్తును ఎన్నుకొనును. లెక్కించుట యంత్రమునకు సులభమే. వెల కట్టుటయే కష్టము. రాజు ఎంత భద్రముగా నున్నాడు, గుర్రము తగినచోట నిలిచినదా, ఏ బంటు బలహీనము అనునవి అనుభవమువలన తెలియవలసిన విషయములు. ఆ అనుభవమును అంకెలుగా మార్చి యంత్రమునకు అందింపవలెను.

అమెరికాలోని కార్నెగీ మెల్లన్ విశ్వవిద్యాలయమున ఫెంగ్ సియుంగ్ సూ, థామస్ అనంతరామన్, మర్రే కాంబెల్ మొదలగు యువకులు కూడి డీప్ థాట్ అను యంత్రమును నిర్మించిరి. అది 1988లో గ్రాండ్ మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించెను. మరుసటి యేడు కాస్పరోవ్ దానిని రెండాటలలోను అవలీలగా ఓడించెను. సూ, కాంబెల్ ఐ.బి.యం. సంస్థలో చేరి డీప్ బ్లూ అను క్రొత్త యంత్రమును తయారుచేసిరి. 1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నగరమున అది కాస్పరోవ్‌ను మొదటి ఆటలో ఓడించి లోకమును నివ్వెరపరచెను. అయినను అతడు తేరుకొని 4-2తో పోటీని గెలిచెను.

ఈ ఓటమివలన నిర్మాతలు గ్రహించినది ముఖ్యమైనది. వేగమొక్కటియే చాలదు. యంత్రమునకు గురువు కావలెను. అమెరికా గ్రాండ్ మాస్టర్ జోయెల్ బెంజమిన్ ఆ పనికి పూనుకొనెను. అతడు యంత్రముతో ఆటలాడి, అది తప్పుగా ఆలోచించిన తావులను చూపుచుండెను. నిర్మాతలు ఆ లోపములను సవరించుచుండిరి. ఉదాహరణకు, బంట్లు అడ్డులేని వరుసలో ఏనుగును నిలుపుట మేలని యంత్రమెరుగును. ఇప్పుడు మూసియున్నను మునుముందు తెరువదగిన వరుసకు కూడ విలువ కలదని దానికి నేర్పవలసి వచ్చెను. మిగెల్ ఇల్లెస్కాస్, నిక్ డి ఫిర్మియన్, జాన్ ఫెడరోవిచ్ అను మరి ముగ్గురు గ్రాండ్ మాస్టర్లు ఆట ప్రారంభపు ఎత్తులను సిద్ధపరచుటకు తోడ్పడిరి. ఇట్లు చేతితో కూర్చిన ప్రారంభ స్థితులు సుమారు 4,000. వీనికి తోడు పూర్వపు గ్రాండ్ మాస్టర్లు ఆడిన 7 లక్షల ఆటల సారము. 480 ప్రత్యేక చిప్‌లతో యంత్రము సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులను పరిశీలింపగలిగెను.

1997 మే 3న పునఃపోటీ ఆరంభమయ్యెను. మొదటి ఆటను కాస్పరోవ్ గెలిచెను. రెండవ ఆటలో యంత్రము బంట్లను దోచుకొనుటకు తన మంత్రిని ముందుకు నడుపునని అందరును ఎదురుచూచిరి. అది అట్లు చేయక, శకటును ఒక చక్కని గడిలో నిలిపి ప్రత్యర్థిని ఊపిరాడకుండ బంధించెను. ఇది యంత్రము వేయదగిన ఎత్తుగా కాస్పరోవ్‌కు తోచలేదు. అతడు మనసు చెదరి ఓటమి నంగీకరించెను. ఆ తుది స్థితిలో ఆటను సమానముగా ముగించు మార్గమున్నదని తరువాత తెలిసినది! పిమ్మటి మూడాటలు డ్రాగా ముగిసినవి. ఆరవ ఆటలో యంత్రము ఎనిమిదవ ఎత్తుననే గుర్రమును బలియిచ్చెను. అది అప్పటికప్పుడు లెక్కించి వేసిన ఎత్తు కాదు. గురువులు ముందే దాని పుస్తకమున చేర్చినది. 19 ఎత్తులకే ఆట ముగిసెను. డీప్ బ్లూ 3½-2½తో గెలిచెను.

కాస్పరోవ్ అనుమానమునకు రుజువు దొరకలేదు. యంత్రపు లెక్కల చిట్టాలను ఐ.బి.యం. పిదప ప్రకటించెను. కాని అతని మరియొక ఫిర్యాదును త్రోసివేయరాదు. అతని జీవితమంతటి ఆటలు ఎదుటిపక్షము చేతిలో నుండెను. క్రొత్త యంత్రము ఆడిన ఆటలు అతనికి లభింపలేదు. ఒక ఆటకును మరియొక ఆటకును నడుమ యంత్రమును సవరించుకొనుటకు నిబంధనలు అనుమతించెను. అతడు కోరిన మరొక పోటీ జరుగలేదు. తరువాతి పోటీలలో ఈ లోపమును కొంత సరిదిద్దిరి. 2006లో బాన్ నగరమున వ్లాదిమీర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్‌తో తలపడినప్పుడు, ఆ ప్రోగ్రామును ముందుగనే అతని కిచ్చిరి. అయినను అతడు రెండాటలు ఓడెను, ఒక్కటియు గెలువలేదు.

2017లో ఆల్ఫాజీరో అను ప్రోగ్రాము, ఆట నియమములను మాత్రమే గ్రహించి, తనతో తానే ఆడుకొని నేర్చి, అప్పటి మేటి చదరంగ ప్రోగ్రాములలో ఒకటైన స్టాక్‌ఫిష్‌ను ఓడించెను. దానితో గురువుల అవసరము తీరినది. కాని 1997 నాటి విజయము అట్టిది కాదు. ఆనాడు కాస్పరోవ్ ఎదుట పెట్టెలో దాగిన మనుష్యుడెవ్వడును లేడు. అంకెలుగా మారిన బెంజమిన్ అనుభవము, అతని సహచరుల పాండిత్యము, పెక్కు తరముల ఆటగాండ్ర ఆటలు మాత్రము ఉండెను. ఒక్క మనుష్యుడు అందరితో ఒకేసారి పోరాడి, ఒక్క పాయింటు తేడాతో ఓడెను.