గాలి మర

ముందు సీట్లో కూర్చోండి. తలుపు గట్టిగా లాగి వెయ్యాలి, లేకపోతే మొదటి గుంతలోనే తెరుచుకుంటుంది. తెల్ల అంబాసిడర్, పెట్రోలు బండి. 1957 నుంచి 2014 దాకా తయారైన ఈ కార్లలో రోడ్డు మీద మిగిలినవి తక్కువే, వాటిలో ఒకటి మా మావయ్యది. కాశీబుగ్గలో ఇప్పుడే ట్యాంకు నిండా కొట్టించాడు. మూత బిగించి, దాని మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. ఆ చరుపు గుర్తుపెట్టుకోండి.

జీడి పిక్కల ఘాటు ముక్కుకి తగులుతుండగానే పలాస వెనక్కి పోతుంది. పూండి దాటాక అంతా తోటలే. జీడి, పనస, కొబ్బరి. ఉద్యానవనమే ఉద్దానం అయిందంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరం మీదే విరుచుకుపడింది. అప్పుడు నాటిన మొక్కల పక్కన తలలు తెగిన పాత కొబ్బరి మొద్దులు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. మే నెల, పదకొండు గంటల ఎండ. అక్కుపల్లి తీరానికి వెళుతున్నాం.

ఇదిగో, వినండి. ఇంజిన్ ఒకసారి వెక్కింది. మావయ్య పెడలు నొక్కాడు, ఫలితం లేదు. ఇంకో వెక్కు. తర్వాత చక్రాల కింద ఇసుక చప్పుడు తప్ప మరేమీ లేదు. బండి ఓ జీడిచెట్టు నీడలోకి తనంతట తానే దొర్లి ఆగింది.

“వేడి,” అంటాడు మావయ్య, బానెట్ ఎత్తుతూ. నీళ్లలో తడిపిన తువ్వాలు పెట్రోలు పంపు మీద చుడతాడు. పది నిమిషాలాగితే బండి కదులుతుంది, ప్రతిసారీ కదులుతుంది కూడా. ఆ పుణ్యమంతా తడిగుడ్డ ఖాతాలోకే పోతోంది. దీనికోసం కార్బురేటర్ మూడుసార్లు కడిగించాడు, పంపులో డయాఫ్రమ్ మార్పించాడు, కాయిల్ మార్పించాడు. పెట్రోల్లో కల్తీ ఉందని తిట్టడం సరేసరి.

అదిగో, సైకిలు మీద ఒకాయన. వెనకాల కేరియర్‌కి ఎర్రటి ప్లాస్టిక్ ట్యాంకీ కట్టి ఉంది, బోటు ఇంజిన్‌ది. ఒక కాలు నేలకి ఆనించి ఆగుతాడు.

“ఏటి బాబూ, ఆగిపోనాదా?”

“ఎండకి పెట్రోలు ఆవిరైపోతోందయ్యా.”

“గాలి మర తీసినారా?”

“కారుకి గాలి మరేటి?”

“ట్యాంకీకి గాలి అక్కర్లేదేటి బాబూ? మా బోటుకి మర తియ్యకుండా తోసినామంటే రెండు కెరటాలు దాటకుండానే సచ్చిపోద్ది.”

మీరే వెనక్కి వెళ్లండి. మూత మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పండి. స్‌స్‌స్... విన్నారా? పెట్రోలు బయటికి తన్నుతున్న చప్పుడు కాదది, గాలి లోపలికి దూసుకుపోతున్న చప్పుడు. పాలపొడి డబ్బా సీలు మొదటిసారి చీల్చినప్పుడు వచ్చేది ఇదే. మావయ్య తాళం తిప్పాడు. నాలుగైదు తిప్పులకి అందుకుంది, తడిగుడ్డ ఇంకా నీళ్లోడుతుండగానే.

ట్యాంకులోంచి లీటరు పెట్రోలు పోతే ఆ చోటులోకి లీటరు గాలి రావాలి. దారి మూసేస్తే లోపల పీడనం తగ్గుతూ పోతుంది, పంపు ఎంత పీల్చినా కార్బురేటర్ గిన్నెలోకి చుక్క చేరదు. పది నిమిషాలు ఆగితే ఏదో సందులోంచి కాస్త గాలి చొరబడుతుంది, బండి లేస్తుంది. ట్యాంకు నిండా కొట్టించిన రోజే ఎందుకు ఎక్కువ మొరాయిస్తుందో ఇప్పుడు చూడండి. పైన మిగిలిన ఖాళీ నాలుగు లీటర్లే అయితే, రెండు లీటర్లు తాగగానే అక్కడి గాలి ఒకటిన్నర రెట్లు పలచనవుతుంది. సగం ట్యాంకులో అదే రెండు లీటర్ల లోటు పెద్దగా తెలియదు. బయటి గాలి చదరపు సెంటీమీటరుకి సుమారు కిలో బరువుతో నొక్కుతుంటుంది. చాన్నాళ్లు ఇలా నడిపితే పలచటి రేకు ట్యాంకు లోపలికి సొట్టపోవడం కూడా ఉంది.

పాత మూత ఎక్కడో పడిపోతే మావయ్య కొన్న కొత్త మూతకి రంధ్రమే లేదు. పోనీ, ఎప్పుడో వేయించిన ఊపిరి గొట్టం ఉందిగా? డిక్కీ కిందకి వంగి చూడండి, వేలంత లావు రబ్బరు గొట్టం. చివర ఎర్రమట్టి బిరడా. కందిరీగ గూడు కట్టింది! నవ్వకండి, అమెరికాలోనూ ఇదే తంతు. పెట్రోలు వాసన మరిగిన ఓ జాతి సాలీడు ట్యాంకు గాలి గొట్టంలో గూడు అల్లుతోందని 2011లో మజ్దా కంపెనీ వేల కార్లు వెనక్కి పిలిచింది, 2014లో మళ్లీ పిలిచింది.

మావయ్య అప్పుడే మేకు వెతుకుతున్నాడు, మూతకి బెజ్జం కొడదామని. వద్దు మావయ్యా. నిండు ట్యాంకుతో మలుపు తిరిగితే పెట్రోలు అందులోంచే చిమ్ముతుంది, వానొస్తే నీళ్లు అందులోంచే దిగుతాయి. గొట్టమే సరైనది. ట్యాంకు నెత్తిన మొదలై, పెట్రోలు పోసే మెడకన్నా ఎత్తుకి వెళ్లి, ఒక మెలిక తిరిగి, డిక్కీ బయట నేలవైపు దిగాలి. సైలెన్సర్‌కి దూరంగా. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, డిక్కీలో దిగితే అక్కడే కూర్చుంటుంది. ఎండలో బండి నిలిపితే ఇదే గొట్టం ఆవిరిని బయటికి వదలాలి, రెండువైపులా దారి ఉండాలి. బండి బోర్లాపడితే మూసుకునే చిన్న గుండు వాల్వు కూడా దొరుకుతుంది, అది తర్వాత వేయిద్దాం.

సైకిలు పుల్లతో మట్టి గీకాం. గొట్టం చివర వల ముక్క కడదామా అని అడిగితే సైకిలాయన పకపకా నవ్వాడు. “మా వల కన్నాల్లోంచి కందిరీగ కాదు బాబూ, పిచ్చుక దూరిపోద్ది.” చివరికి డిక్కీలో పాత దోమతెర దొరికింది. రెండు మడతలు, పైన నైలాను దారం.

సైకిలు డిక్కీలో సగమే పట్టింది. ఆయన వెనక సీట్లో, ఒళ్లో ట్యాంకీతో. అక్కుపల్లి దాకా ఒక్క వెక్కు లేదు. తీరంలో దిగి ఆయన నేరుగా బోటు దగ్గరికి పోయాడు. ట్యాంకీ అమర్చి, మూత మీది చిన్న మరని రెండు చుట్లు వదులు చేశాడు. రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా పిసికాడు. మనవైపు ఒకసారి చూసి, తాడు లాగాడు.