1983కి ముందు

రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. దాని ప్రకారం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నాలుగు పుస్తకాలుండాలి. పొలాల, ఇళ్ల లావాదేవీలు ఒకటో పుస్తకంలో. రిజిస్టరు చేయడం కుదరదని తిప్పి పంపితే అందుకు కారణాలు రెండులో. వీలునామాలు మూడులో. మిగతా రకాలన్నీ నాలుగులో. సీలేసి దాచమని ఇచ్చిన వీలునామాల లెక్కకి ఐదో పుస్తకం ఉంది గానీ, అది జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులోనే. మా నాన్నగారి బతుకంతా, నా బతుకులో సగం ఆ ఒకటో పుస్తకం చుట్టూనే గడిచాయి. మాది కృష్ణా జిల్లా. మేం దస్తావేజు లేఖరులం. రైతులు మమ్మల్ని "రైటరు గారూ" అని పిలిచేవాళ్లు.

పని ఇలా ఉండేది. స్టాంపు వెండరు దగ్గర కాగితాలు కొనుక్కుని, అమ్మేవాడు, కొనేవాడు, ఇద్దరు సాక్షులు మా అరుగెక్కేవాళ్లు. తండ్రి పేరు, కాపురం, సర్వే నంబరు, విస్తీర్ణం అడిగి, ఆ తర్వాత హద్దుల దగ్గర నాన్నగారు కలం ఆపేవారు. తూర్పున ఎవరి చేను, దక్షిణాన పుంతా బోదా, పడమర గట్టు ఎవరిది? అమ్మేవాడు చెప్పిన హద్దుకి కొనేవాడు తలూపకపోతే ఆ పూట రాత సాగేది కాదు. దస్తావేజు ఆఫీసులోకి వెళ్లాక అక్కడి గుమాస్తా దాన్ని అక్షరం పొల్లు పోకుండా ఒకటో పుస్తకంలోకి ఎక్కించాలి. కొట్టివేత ఉంటే కొట్టివేత అని, వరసల మధ్య రాసిన మాట ఉంటే అదీ, కింద విడిగా రాయాలి. దస్తావేజులు పేరుకుపోయిన రోజుల్లో అసలు కాగితం చేతికి రావడానికి నెలలు పట్టేది. కొన్నవాడు ఆఫీసు చుట్టూ తిరిగేవాడు. ఆ తిరుగుడులోనే గుమాస్తాకి చెయ్యి తడిపే అలవాటు మొదలైంది. ఇందులో మావాళ్ల పాత్ర లేదని నేను బుకాయించను.

ఆస్తి మీద అప్పులున్నాయో లేవో తెలియాలంటే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాలి. అందుకు రెండు సూచికలు: ఒకటి మనుషుల పేర్లతో, ఇంకొకటి ఆస్తుల వివరాలతో. పన్నెండేళ్ల ఈసీ అంటే పన్నెండేళ్ల సూచికల్ని ఒక్కొక్క కాగితం తిప్పి చూడడమే. దుమ్ముకి తుమ్ముతూ వెతికేవాడు విసుగెత్తి ఒక పేజీ దాటేశాడనుకోండి, తాకట్టులో ఉన్న పొలం శుభ్రంగా ఉన్నట్టు సర్టిఫికెట్ వచ్చేసేది.

విలువల సంగతి సరేసరి. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి పాతిక వేలకి కొన్నది పది వేలని రాయించేవాళ్లు. దీన్ని అరికట్టడానికి 1975లో నిబంధనలు వచ్చాయి. మార్కెట్ విలువల పట్టికలు తయారయ్యాయి గానీ, ఆ పట్టికలు ఆఫీసు బీరువాలోనే ఉండేవి. సామాన్యుడు ఎంత కట్టాలో ఆఫీసువాళ్లు చెప్పిందే వేదం.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఊళ్లో భూముల లెక్కలు చూసే కరణాల, మునసబుల వ్యవస్థని రద్దు చేసింది. రద్దు చేయడం తప్పనను. వాళ్ల పెత్తనం ఎలాంటిదో చూసినవాణ్ని. కాకపోతే అడంగల్‌లో లేని సంగతులు కరణం బుర్రలో ఉండేవి. ఎవరి గట్టు ఎప్పుడు జరిగింది, ఏ అన్నదమ్ములు కాగితం లేకుండా పంచుకున్నారు, ఇవన్నీ అతనితోపాటే పోయాయి. పద్నాలుగేళ్ల తర్వాత కంప్యూటరు వచ్చింది కరణం ఖాళీ చేసిన ఆ కుర్చీలోకేనని నా లెక్క.

ఆ కంప్యూటరు వ్యవస్థ పేరు కార్డ్. అప్పటి రిజిస్ట్రేషన్ల శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ జె.సత్యనారాయణ రూపకల్పన. ముందు విజయవాడ, కర్నూలులలో ప్రయోగం చేశారు. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1998 నవంబరు 4న 214 ఆఫీసుల్లో ఒకేసారి మొదలుపెట్టింది. ఐదు నిమిషాల్లో ఈసీ, గంటలో దస్తావేజు అన్నారు. నకలు రాయడం పోయి స్కానింగు వచ్చింది. విలువ కంప్యూటరే లెక్కగట్టేది. నెలలు పట్టే కాగితం ఆ రోజే చేతికి రావడం మా కళ్లముందే జరిగింది.

చట్టం యంత్రం వెనక పరిగెత్తింది. చేతిరాత నకలు గురించి మాత్రమే చెప్పిన 1908 చట్టాన్ని రాష్ట్రం తన మట్టుకు సవరించుకుంది. 2001లో కేంద్రం 16ఎ సెక్షన్ చేర్చింది. పుస్తకాలను కంప్యూటర్ ఫ్లాపీల్లో, డిస్కెట్లలో ఉంచవచ్చని అందులో రాశారు! ఫ్లాపీ ఎలా ఉంటుందో ఇప్పటి కుర్రాళ్లకి తెలీదు. ఆ సవరణతోనే ఫోటోలు, వేలిముద్రలు తప్పనిసరయ్యాయి. ఒకరి బదులు మరొకర్ని నిలబెట్టి సంతకం పెట్టించే మోసానికి అది గట్టి దెబ్బ. నన్నడిగితే మొత్తం మార్పులో ఎక్కువ మేలు చేసింది ఆ ఫోటోయే.

మమ్మల్ని మాత్రం కంప్యూటరు కదపలేకపోయింది. కార్డ్ వచ్చినా లంచాలు పోలేదని, జనం లేఖరుల ద్వారానే పని చేయించుకుంటున్నారని జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశాడు. నిజమే. యంత్రంతో మాట్లాడే భాష మేమే నేర్చుకున్నాం మరి.

తేడా హద్దుల దగ్గర వచ్చింది. నాన్నగారు కలం ఆపే చోట కంప్యూటరు ఆగదు. దానికి కావలసింది సర్వే నంబరు, విస్తీర్ణం. నాలుగు గడుల్లో నలుగురి పేర్లు కొడితే చాలు, తలూపేవాడు అక్కర్లేదు. గ్రామకంఠంలోని ఇళ్లకైతే విడిగా సర్వే నంబర్లే లేవు. ఇంటి నంబరు పట్టుకుని వెతకాలి. పంచాయతీ ఆ నంబరు మారుస్తుంది, మునిసిపాలిటీ అయ్యాక మళ్లీ మారుతుంది. కొత్త నంబరు కొడితే లావాదేవీలు లేవని వస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒకాయన అలాంటి ఈసీ చూసుకుని ఇల్లు కొన్నాడు. పాత నంబరు మీద ఒక బ్యాంకు తాకట్టు ఉందని తర్వాత తేలింది. ఆఫీసులో అడిగితే, "మీరిచ్చిన నంబరుకి వచ్చిందే ఇచ్చాం" అన్నారు. వాళ్ల మాటా కాదనలేం.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. తెలంగాణలో 2020లో ధరణి, దాని స్థానంలో 2025లో భూభారతి. ఆంధ్రలో 2020 డిసెంబరులో, అప్పటికి మా జిల్లాలోనే ఉన్న తక్కెళ్లపాడులో మొదలైన డ్రోన్ల రీసర్వే. మన దగ్గర రిజిస్టరయ్యేది లావాదేవీయే గానీ హక్కు కాదు. ఆ హక్కుకే ప్రభుత్వం పూచీ పడుతుందంటూ 2022లో తెచ్చిన టైటిలింగ్ చట్టాన్ని, లాయర్లు రోడ్డెక్కాక, ఎన్నికల్లో రచ్చయ్యాక, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. తగాదా సివిల్ కోర్టుకి వెళ్లే దారి మూసుకుపోతుందన్నదే అందరి భయం. గడుల్లో ఎక్కించిందే సత్యం అనేంత ధీమా నాకూ లేదు.

కార్డ్ పెట్టినప్పుడు వెనకటి పదిహేనేళ్ల సూచికలనే కంప్యూటర్లలోకి ఎక్కించారు. అంతకన్నా వెనక్కి పోవాలంటే మనుషులు, డబ్బు చాలవు. కనుక ఆన్‌లైన్ ఈసీ ఇప్పటికీ 1983 జనవరి 1 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకెళ్లి పాత సూచికలు తీయించాల్సిందే. బ్యాంకుల లాయర్లు లింకు దస్తావేజులు అడిగినప్పుడు, యాభైల నాటి గొలుసుకట్టు రాత, అణాల లెక్కలు చదవగలిగినవాళ్ల కోసం కుర్రాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఆ పనికి ఫీజు ఈసీకన్నా ఎక్కువే తీసుకుంటాను.