బార్లీకి బూజు – బీరుకు ముప్పు

బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టగా వచ్చునది మాల్టు; బీరునకు అదియే ముడిసరకు.

1993లో అమెరికాలోని మిన్నెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రములలో అధిక వర్షములచే బార్లీ వెన్నులకు ఫ్యూజేరియం అను బూజు సోకినది. వాంతులు కలిగించు డీఆక్సీనివలినాల్ అను విషమును ఈ బూజు పుట్టించును. గింజలు నానబెట్టిన నీటితో విషము కొంత పోవును. కాని మొలకెత్తించు తేమలో బూజు తిరిగి పెరిగి విషము నిచ్చును. మరిగించినను అది నశింపక బీరులో కలియును. బూజు తయారుచేయు హైడ్రోఫోబిన్ అను మాంసకృత్తు బొగ్గుపులుసు వాయువు బుడగలను నిలిపియుంచుటచే, సీసా మూత తీయగానే నురుగు పైకి చిమ్మును.

మాల్టు కర్మాగారములు అట్టి బార్లీని నిరాకరించినవి. పంట చౌకధరకు పశువుల దాణాగా పోయెను. పెక్కుమంది రైతులు బార్లీ సాగునే మానిరి.

కావున బీరు నాణ్యము కర్మాగారముననే కాక, వెన్ను తీయునాటి పొలమునను నిర్ణయమగును.