అవధాన్లు గారింటి పిల్లలు

కన్యాశుల్కం అనగానే అందరికీ గిరీశం, మధురవాణి గుర్తొస్తారు. నాకు మాత్రం కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు గారి ఇల్లు, ఆ ఇంట్లో పెరిగిన ముగ్గురు పిల్లలు గుర్తొస్తారు.

గురజాడ అప్పారావు గారు మా విజయనగరంలో ఉండి రాసిన నాటకం అది. 1892లో మొదటిసారి ఇక్కడే ఆడారు. 1897లో అచ్చయింది. బాగా పెంచి తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. కథ కల్పితమే గానీ దాని వెనకున్న లెక్కలు నిజమైనవి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళకు విజయనగరం మహారాజా వారు జాబితా తీయించారు. గురజాడ వారు తొలి కూర్పు పీఠికలో ఆ లెక్క చెప్పారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు!

డబ్బు సంగతి అలా ఉంచి, అలాంటి ఇంట్లో పిల్లల మనసు ఎలా తయారవుతుందో చూడండి. తండ్రికి ముక్కుమీద కోపం, కోర్టు వ్యాజ్యాల పిచ్చి. పెద్ద కూతురు బుచ్చమ్మను ముసలివాడికి కట్టబెడితే ఆమె చిన్నప్పుడే విధవ అయింది. అది కళ్ళెదుట ఉండగానే సుబ్బిని లుబ్ధావధాన్లుకిస్తానని తాంబూలాలిచ్చేశాడు. మాట చెల్లని తల్లి వెంకమ్మ నూతిలో పడింది. పిల్లలు ఇదంతా చూస్తూనే ఉన్నారు.

కొడుకు వెంకటేశం పరీక్ష తప్పి, గిరీశాన్ని వెంటబెట్టుకొచ్చి, ఇంగ్లీషు ముక్కలతో తల్లిని మురిపిస్తాడు. వాణ్ణి చూసి మనం నవ్వుకుంటాం. కానీ నిజం చెబితే తిట్లూ, అబద్ధం చెబితే మెప్పూ దొరికే ఇంట్లో పిల్లవాడు ఇంకేం నేర్చుకుంటాడు?

బుచ్చమ్మ సంగతి వేరు. తను వెళ్ళిపోతే చెల్లెలి పెళ్ళి ఆగుతుందని గిరీశం నమ్మించబట్టే కదా ఆమె గడప దాటింది! పెద్దవాళ్ళు మోయాల్సిన బరువు ఆ పిల్ల నెత్తికెత్తుకుంది. ఇక సుబ్బి. కథంతా తన పెళ్ళి చుట్టూ తిరుగుతున్నా ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరూ అడగరు.

1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 14 ఏళ్ళని పెట్టింది. ఇప్పుడది 18. శుల్కం పోయింది, అగ్రహారాలూ మారిపోయాయి. అయితే ఇంట్లో అమ్మానాన్నలు ఏ గొంతుతో మాట్లాడుకోవాలో ఏ చట్టమూ చెప్పలేదు. ఆ ముగ్గురు పిల్లలు ఇప్పటికీ మన చుట్టూ ఉన్నారు. మార్కుల కాగితం దాచే అబ్బాయి, గొడవ మొదలవగానే తమ్ముణ్ణి పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసే అమ్మాయి, ఏమడిగినా "ఏం లేదమ్మా" అనే పసిది. మొదటివాణ్ణి దొంగ అంటాం, రెండోదాన్ని బుద్ధిమంతురాలంటాం, మూడోదాన్ని నెమ్మదస్తురాలంటాం. ముగ్గురిలోనూ ఉన్నది ఒకటే భయం.

అందుకే పిల్లలు ఏదైనా దాచినప్పుడు "ఎందుకు దాచావు?" అని గద్దించే ముందు, "చెబితే ఏమవుతుందని భయపడ్డావు నాన్నా?" అని అడిగి చూడండి. ఆ జవాబు వినేటప్పుడు మధ్యలో మాట్లాడకండి. వాళ్ళు చెప్పేది మన గురించే కావచ్చు.