పంపు చేయని నేరం

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి మా ఆవిడది. బొత్తాం నొక్కితే చాలు, కదులుతుంది. రెండోది 1972 నాటి ఎమ్‌జీబీ. పైకప్పు మడిచేసుకునే, ఇద్దరే పట్టే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. వయసులో నాకంటే పెద్దది. దాని తాళం తిప్పగానే వెనకనుంచి గబగబా పదీ పన్నెండు సార్లు "టిక్, టిక్" అని వినిపించి, నెమ్మదించి, ఆగిపోతుంది. అది పెట్రోలు పంపు చప్పుడు. ఆ చప్పుడు వచ్చి ఆగితే ఇంజను స్టార్టు చెయ్యొచ్చు. అసలు రాకపోతే ఇంటికి ఫోను చెయ్యాలి.

రెండేళ్ళ క్రితం అక్టోబరులో ఒక సాయంత్రం ఫోను చెయ్యాల్సి వచ్చింది. మిషిగన్‌లో ఫ్రీవే మీద ఉన్నాం. పక్క సీట్లో మా అమ్మాయి. కారు రెండుసార్లు దగ్గి, ఉలిక్కిపడి, ఆగిపోయింది. ఎలాగో రోడ్డు పక్కకి చేర్చాను. పెద్ద ట్రక్కులు పక్కనుంచి వెళ్తుంటే ఆ చిన్న కారు ఉయ్యాలలా ఊగింది. చీకటి పడుతుండగా రెయిలింగు అవతల నిలబడి టో ట్రక్కు కోసం గంటసేపు ఎదురుచూశాం. ఇంటికొచ్చాక మా ఆవిడ కేకలెయ్యలేదు. "ఈ కారన్నా ఉండాలి, అమ్మాయి ఇందులో ఎక్కడమన్నా ఉండాలి. రెండూ కుదరవు" అంది, అంతే.

ఆవిడ మాటలో తప్పేం లేదు. అప్పటికి అందులో ఉన్నది రెండేళ్ళలో మూడో పంపు. ఆగిపోయిన ప్రతిసారీ వర్క్‌షాపు వాళ్ళు కొత్త పంపు వేసేవారు, పాతది అట్టపెట్టెలో పెట్టి నా చేతికిచ్చేవారు. కొన్ని నెలలు బాగా నడిచేది, మళ్ళీ అదే కథ. మూడు పంపులూ చెడ్డవేనా? పగలంతా ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కునే ఉద్యోగం నాది. ఒకే తప్పు మూడుసార్లు వచ్చిందంటే మనం దిద్దింది ఆ తప్పుని కాదన్నమాట. అందుకని, అమ్మేసే ముందు ఈ పంపు సంగతేమిటో, ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకుందామని కూర్చున్నాను.

కొండెక్కని కారు

పెట్రోలు ట్యాంకు ఒకచోట, ఇంజను ఇంకోచోట. ఒకదాన్నుంచి ఇంకోదానికి పెట్రోలు చేర్చడం ఎలా? మొదట్లో ఈ పని భూమ్యాకర్షణకే వదిలేశారు. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డు మోడల్ టీలో చాలావాటికి ట్యాంకు సీటు కింద ఉండేది. పెట్రోలు పల్లానికి జారి ఇంజనుకి చేరేది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు కొండ ఎదురైతే ఇంజను పైకీ, ట్యాంకు కిందికీ అయిపోయేవి. అప్పుడు డ్రైవర్లు కారుని వెనక్కి తిప్పి, రివర్సు గేరులో కొండెక్కించేవారు. ఇది హాస్యానికి చెబుతున్న మాట కాదు, నిజంగా జరిగిందే.

తర్వాత ఇంజను గాలి పీల్చే గొట్టంలో పుట్టే శూన్యాన్ని వాడుకుని పెట్రోలుని పైకి లాగే పద్ధతి వచ్చింది. చదునునేల మీద అది బాగానే పనిచేసింది. కానీ పొడుగాటి ఎత్తులో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టుకుంటే ఆ శూన్యమే తగ్గిపోతుంది. అంటే, పెట్రోలు ఎక్కువ కావలసినప్పుడే తక్కువ అందేది.

మూడోది, ఇంజనే తిప్పే మెకానికల్ పంపు. దీనితో మనలో చాలామందికి పరిచయం ఉంది. విజయవాడలో మా పెదనాన్నగారికి అంబాసిడర్ ఉండేది. మే నెలలో హైదరాబాదు వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఎక్కడో ఆగేది. డ్రైవరు కంగారు పడకుండా బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, బీడీ వెలిగించుకుని దూరంగా వెళ్ళి కూర్చునేవాడు. ఆ బీడీ అయ్యేలోపు కారు బాగయ్యేది. గుడ్డలో ఏ మహిమా లేదు. పంపు వేడి ఇంజనుకి అంటుకుని ఉంటుంది, పైగా పెట్రోలుని దూరం నుంచి పీల్చాలి. పీల్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే ఆవిరవుతుంది. ద్రవాన్ని తోడే పంపు ఆవిరిని తోడలేదు. తడిగుడ్డ పంపుని చల్లబరిస్తే ఆవిరి మళ్ళీ పెట్రోలయ్యేది.

చెప్పుల కుటుంబం చేసిన పంపు

ఇక నాలుగోది, నా కారులో టిక్కుటిక్కుమనేది. దీన్ని చేసిన కంపెనీ పేరు ఎస్‌యూ, అంటే స్కిన్నర్ యూనియన్. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన స్కిన్నర్ సోదరులు పెట్టిన కంపెనీ అది. అన్న జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1905లో ఒక కొత్తరకం కార్బురేటర్‌కి పేటెంటు తీసుకున్నాడు. తొలి కార్బురేటర్లలో గాలితిత్తి తోలుదే. ఇంట్లో ఉన్న సరుకు ఊరికే పోనివ్వలేదన్నమాట! 1910లో కంపెనీ ఏర్పడింది. 1926లో దాన్ని విలియం మోరిస్ కొనుక్కున్నాడు. ఎమ్‌జీ అంటే మోరిస్ గరాజెస్. ఆ మోరిస్ ఈయనే. మన అంబాసిడర్‌కి మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా ఈయన పేరుతో వచ్చిన కారే. అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్న 1489 సీసీ ఇంజనూ, నా ఎమ్‌జీబీలోని 1798 సీసీ ఇంజనూ బీ-సిరీస్ అనే ఒకే ఇంటి పిల్లలు. ఈ పాత కారు నేనెందుకు కొన్నానని మా ఆవిడ అడిగిన ప్రతిసారీ ఈ చుట్టరికమే చెబుతాను. ఇవాళ మన ఊళ్ళల్లో తిరుగుతున్న కొత్త ఎమ్‌జీ కార్లకి మాత్రం పేరు తప్ప దీనితో బంధుత్వం లేదు.

ఎస్‌యూ వాళ్ళు 1920ల చివర్లో పెట్రోలిఫ్ట్ అనే కరెంటు పంపు తెచ్చారు. 1930లలో దాన్ని మెరుగుపరిచి ఇప్పటి రూపానికి తీసుకొచ్చారు. దాని పని చాలా తేలిక. తీగచుట్టలోకి కరెంటు వెళ్తే అది అయస్కాంతమై ఒక సాగే పొరని లాగుతుంది, పెట్రోలు లోపలికొస్తుంది. పొర చివరిదాకా వెళ్ళగానే "టిక్" మని రెండు టంగ్‌స్టన్ పాయింట్లు విడిపోయి కరెంటు ఆగుతుంది. అప్పుడు స్ప్రింగు పొరని వెనక్కి నెడుతుంది. పెట్రోలు ఇంజను వైపు పోతుంది. పొర పూర్తిగా వెనక్కి రాగానే పాయింట్లు మళ్ళీ కలుస్తాయి. కార్బురేటర్ నిండితే పెట్రోలు ముందుకి పోదు, పొర మధ్యలో ఆగుతుంది, చప్పుడూ ఆగుతుంది. ఏ కంప్యూటరూ లేకుండా ఎంత కావాలో అంతే పంపిస్తుంది.

డాక్టరు నాడి చూసినట్టు ఈ చప్పుడుని బట్టి రోగం చెప్పొచ్చు. ఆగకుండా గబగబా కొట్టుకుంటుంటే ట్యాంకు ఖాళీ, లేకపోతే గొట్టంలోకి గాలి దూరుతోంది. ఇంజను ఆపి ఉండగా కూడా కొద్ది సెకన్లకోసారి కొట్టుకుంటుంటే ఎక్కడో పెట్రోలు కారుతోంది, లేదా వెనక్కి జారుతోంది. అసలు చప్పుడే లేకపోతే ముందు అనుమానించాల్సింది కరెంటుని.

ఈ పంపుని వేడి ఇంజనుకి దూరంగా, వెనక ట్యాంకు దగ్గర పెట్టారు. అక్కణ్ణించి పెట్రోలుని పీల్చడం కాదు, నెట్టడం. కాబట్టి తడిగుడ్డ అవసరం తీరిపోయింది. కానీ దానికి కరెంటు కావాలి. డాష్‌బోర్డు దగ్గర తాళం నుంచి తోకదాకా పొడుగాటి తెల్ల వైరు, దారిలో అతుకులు. మొదటి పద్ధతి లోపం కొండ, రెండోదానిది పొడుగాటి ఎత్తు, మూడోదానిది వేడి. ఒక్కొక్క పరిష్కారం పాత లోపాన్ని తీర్చి, కొత్త లోపాన్ని ఇంకోచోటికి తరలించింది. నాలుగోదాన్లో అది ఎక్కడికి పోయింది?

చీకటి దొర

అమెరికాలో ఏ పాత ఇంగ్లీషు కారు యజమానినైనా అడగండి, "లూకాస్" అని నవ్వుతాడు. బర్మింగ్‌హామ్‌లో కిరసనాయిలూ దీపాలూ అమ్ముకుంటూ పైకొచ్చిన జోసెఫ్ లూకాస్ పెట్టిన కంపెనీ తర్వాత ఇంగ్లీషు కార్లలో అత్యధికానికి దీపాలూ, డైనమోలూ, స్విచ్చులూ అందించింది. వాళ్ళ సైకిలు దీపం పేరు "రహదారి రాజు". అమెరికన్లు ఆ కంపెనీ వ్యవస్థాపకుడికి "చీకటి దొర" అని బిరుదు తగిలించారు. ఇంగ్లీషువాళ్ళు బీరు వెచ్చగా ఎందుకు తాగుతారంటే ఇంట్లో లూకాస్ ఫ్రిజ్ ఉంటుంది కాబట్టి, అని పాత జోకు.

మనకీ లూకాస్ తెలుసు. 1961లో మద్రాసులో మొదలైన లూకాస్-టీవీఎస్ పేరు మన ఆటో ఎలక్ట్రీషియన్ల కొట్ల బోర్డుల మీద చూస్తూ పెరిగాం. మా పెదనాన్నగారి డ్రైవరు ఆ పేరు మర్యాదగానే పలికేవాడు. ఇంకో తమాషా ఏమిటంటే, నా కారులో పంపు లూకాస్ చేసింది కాదు, ఎస్‌యూ చేసింది. అయినా పంపు ఆగిన ప్రతిసారీ తిట్లు లూకాస్‌కే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

పంపు ఆగితే దాన్ని సుత్తి పిడితో తట్టడం ఇక్కడి పాత అలవాటు. అలా తడితే చాలాసార్లు నడుస్తుంది కూడా. పాయింట్ల మీద పట్టిన మసి ఆ కుదుపుకి చెదిరి, కరెంటుకి దారి దొరుకుతుంది. చిక్కేమిటంటే, తడితే నడిచింది కదా అని అందరూ తప్పు పంపుదే అనుకుంటారు.

పన్నెండు వోల్టుల అబద్ధం

వర్క్‌షాపులో చేసిన పరీక్షే ముందు నేనూ చేశాను. పంపు నుంచి తెల్ల వైరు ఊడదీసి, దానికీ కారు బాడీకీ మధ్య మీటరు పెట్టాను. 12 వోల్టుల పైనే చూపించింది. "కరెంటు వస్తోంది, పంపు నడవడంలేదు, కనక పంపు చెడిపోయింది." తర్కం నిక్కచ్చిగా ఉంది, కానీ తప్పు.

ఓమ్ సూత్రం మనమంతా ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిందే. దారిలో ఒక తుప్పుపట్టిన అతుకు ఉందనుకుందాం, దాని నిరోధం 3 ఓములు. మీటరు దాదాపు కరెంటు తీసుకోదు కాబట్టి ఆ అతుకు దగ్గర వోల్టేజి పడిపోదు. మీటరుకి 12 కనిపిస్తాయి. 3 ఓముల పంపు తగిలించి చూడండి. 2 ఆంపియర్లు పారతాయి, 6 వోల్టులు అతుకే మింగేస్తుంది, పంపుకి మిగిలేది 6. పొరని చివరిదాకా లాగే బలం చాలదు. బరువు మోసేటప్పుడే బయటపడే లోపమిది. ఒక్కడే వాడితే చక్కగా పనిచేసి, వెయ్యిమంది వచ్చేసరికి కూలిపోయే ప్రోగ్రాము లాంటిదన్నమాట. మా వృత్తిలో ఈ పాఠం ఎన్నిసార్లు నేర్చుకున్నానో! అయినా నా కారు దగ్గర గుర్తు రాలేదు.

పైగా ఆ పరీక్ష సగం దారినే చూస్తుంది. కరెంటు పంపుదాకా వస్తే సరిపోదు, మళ్ళీ బ్యాటరీకి తిరిగి వెళ్ళాలి. కార్లలో తిరుగు ప్రయాణానికి పొడుగాటి వైరు వెయ్యరు. ఇనప బాడీయే ఆ దారి. దాన్నే ఎర్తు అంటాం. 1967 దాకా వచ్చిన ఎమ్‌జీబీల్లో బ్యాటరీ ప్లస్ కొసని బాడీకి కలిపేవారు, ఆ తర్వాత మైనస్‌ని. ఉత్త తీగచుట్ట ఉన్న పాత పంపుకి ఎటైనా ఒకటే. డయోడూ, ట్రాన్సిస్టరూ ఉన్న తర్వాతి పంపుని తిరగేసి కలిపితే కాలిపోతుంది. కొనేముందు ఇది చూసుకోవాలి.

మర్నాడు మా అమ్మాయిని సాయం పిలిచాను. గరాజు తలుపు తీసి, పెట్రోలు వాసన లేదని చూసుకుని, పంపుకి వైరు తగిలించే ఉంచాను. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి. మీటరు ఒక కొస వాటి మైనస్‌కి, ఇంకో కొస పంపు ఎర్తుకి పెట్టాం. తాళం తిప్పితే అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. "నాన్నా, ఐదు!" అంది. పంపుకి అందాల్సిన ఐదు వోల్టులు తిరుగుదారిలో పోతున్నాయి.

నల్ల వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే డిక్కీలో ఒక చిన్న స్క్రూ దగ్గర ఆగింది. విప్పి చూస్తే దానికింద తళతళలాడే ఎర్ర రంగు, రంగు అంచున తుప్పు. నాకంటే ముందు ఎవరో కారుకి ముచ్చటపడి కొత్త రంగు వేయించారు, ఎర్తు తగలాల్సిన చోట కూడా. ఆ స్క్రూ మరలు మాత్రమే కాస్త ఇనుముని అంటుకుని ఉన్నాయి. పంపు మార్చిన ప్రతిసారీ ఆ వైరు విప్పి బిగించేవారు. ఆ బిగింపుకి తుప్పు రాలి కొన్ని నెలలు నడిచేది. బాగుచేసింది కొత్త పంపు కాదు, ఆ స్క్రూడ్రైవరు!

బ్యాటరీ విప్పేసి, రంగూ తుప్పూ గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, వైరు బిగించి, పైన కాస్త గ్రీజు పూశాం. ఖర్చు ఒక గరుకు కాగితం. మళ్ళీ చూస్తే సున్నాకి దగ్గరే. గబగబా టిక్కులు, ఆ తర్వాత నిశ్శబ్దం.

ఆబింగ్డన్‌లోని ఎమ్‌జీ ఫ్యాక్టరీ 1980 అక్టోబరులో మూతపడింది. 1962 నుంచి అప్పటిదాకా 5 లక్షలకి పైగా తయారైన ఈ కార్లు యాభై ఏళ్ళు నడుస్తాయని అక్కడ ఎవరూ అనుకుని ఉండరు. ఇంగ్లండు వానలో, మిషిగన్ రోడ్ల ఉప్పులో, ముచ్చటపడి వేసిన రంగుల కింద ఎన్ని స్క్రూలు ఇలా మరుగున పడ్డాయో! ఆ నింద మాత్రం చప్పుడు చేసే పంపుదీ, పేరున్న లూకాస్‌దీ అయింది. మాట్లాడని స్క్రూని ఎవరూ అడగలేదు.

ఆ శీతాకాలం అట్టపెట్టెల్లోని రెండు పాత పంపుల్నీ బల్లమీద పెట్టి, కిరసనాయిలు గిన్నెలో గొట్టం ముంచి, ఒక్కొక్కదానికీ కరెంటిచ్చాను. రెండూ శుభ్రంగా టిక్కుటిక్కుమన్నాయి. ఇప్పుడవి గరాజులో షెల్ఫు మీదున్నాయి.

కారు అమ్మలేదు. మా అమ్మాయి మళ్ళీ ఎక్కుతోంది. తాళం తిప్పి టిక్కులు లెక్కపెట్టడం ఇప్పుడు తన పని. మా ఆవిడ ఇంకా ఎక్కలేదు. కాని మేం బయల్దేరేటప్పుడు వంటింటి కిటికీ తీసి ఉంటుంది. ఆ చప్పుడు వచ్చి, ఆగాకే మూస్తుంది.